రేణువును కదిలించేదెవరు?

1600లో లండన్‌లో అచ్చయిన విలియం గిల్బర్ట్ గ్రంథం ‘డి మాగ్నెటే’లో ఒక బొమ్మ ఉంది. కొలిమిలో కాగిన ఇనుప కడ్డీని కమ్మరి దాగలి మీద పెట్టి సుత్తితో కొడుతుంటాడు. కడ్డీ ఒక కొస ఉత్తరానికి, రెండో కొస దక్షిణానికి ఉంటుంది. ఆ దిక్కుల పేర్లు కూడా బొమ్మలోనే లాటిన్‌లో చెక్కారు. అలా దిక్కు చూసి సాగగొట్టి చల్లారనిస్తే కడ్డీ అయస్కాంతమవుతుందని గిల్బర్ట్ చెప్పాడు. మాట నిజమే. కాకపోతే అక్కడ కమ్మరి చేసినవి రెండు పనులు. కాల్చాడు, కొట్టాడు. కడ్డీకి ఆ గుణం చల్లారడం వల్ల వచ్చిందా, దెబ్బ వల్ల వచ్చిందా?

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ రెంటినీ విడదీసి కొలవడం మొదలైంది. అయస్కాంతీకరిస్తే ఇనుప కడ్డీ పొడవు లేశమంత మారుతుందని 1842లో జేమ్స్ జూల్ చూపాడు. దాన్ని తిరగేసి, లోహాన్ని లాగినా నొక్కినా దాని అయస్కాంతత్వం మారుతుందని 1865లో ఎమిలియో విల్లారీ చూపాడు. అయితే వాళ్లు కొలిచినవి చేతికి పట్టే కడ్డీలు, తీగలు. అలాంటి లోహంలో అయస్కాంతత్వం కోటానుకోట్ల పరమాణువులున్న పెద్దపెద్ద మండలాలుగా విడిపోయి ఉంటుంది. వేడి చేసినా నొక్కినా ముందు కదిలేవి ఆ మండలాల సరిహద్దులు. దాంతో అసలు కారణం మరుగున పడుతుంది. ముక్కను తగ్గించుకుంటూ పోతే ఒక దశ దాటాక సరిహద్దు గీయడానికి చోటు చాలదు, రేణువంతా ఒకే మండలంగా మిగులుతుంది. ఇలా జరుగుతుందని 1930లో ఫ్రెంకెల్, డోర్ఫ్‌మన్‌లు ఊహించారు. ఆ హద్దు ఎంతో 1946లో కిట్టెల్ లెక్క కట్టాడు. ఇనుములో ఆ పరిమాణం పదుల నానోమీటర్లలోనే ఉంటుంది. వేడీ ఒత్తిడీ చేసే పనిని తేటగా చూడాలంటే ఇంత చిన్న రేణువు దగ్గరికే వెళ్లాలి.

అలా వెళ్లిన వ్యాసాలు రెండు, ఏడాది తేడాతో వచ్చాయి. 1948లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయం నుంచి ఎడ్మండ్ స్టోనర్, ఎరిక్ వోల్‌ఫార్త్ రాసింది ఒకటి. అది రాయల్ సొసైటీ ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’లో అచ్చయింది. 1949లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ నుంచి లూయీ నీల్ రాసింది రెండోది. అది ‘అనాల్ ద జియోఫిజిక్’ అనే భూభౌతిక పత్రికలో వచ్చింది. పాఠ్యపుస్తకాలు ఈ రెంటినీ పక్కపక్క పేరాల్లో పెట్టి, మొదటిది ఉష్ణోగ్రత లేని సిద్ధాంతమనీ, రెండోది ఉష్ణోగ్రత చేర్చిన సిద్ధాంతమనీ చెప్పి ముందుకు పోతాయి. ఈ పోలిక నాకు చాలదు. ఒత్తిడి సంగతి పట్టుకుని రెండు వ్యాసాలనూ మళ్లీ చదివితే వాటి సంబంధం మరోలా కనిపిస్తుంది. మొదటి వ్యాసం ఒత్తిడికి చివరి పీట వేసింది. రెండోది వేడి గురించి రాస్తూ రాస్తూ, వేడి చేతిలోని పనిముట్టు ఒత్తిడేనని కనిపెట్టింది. తర్వాత వచ్చినవాళ్లు ఆ రెండో మాటను దాదాపు మరిచిపోయారు.

స్టోనర్, వోల్‌ఫార్త్‌ల ముందున్న సమస్య శాశ్వత అయస్కాంతాల మిశ్రలోహాలది. 1930ల నుంచి ఇనుము, నికెల్, అల్యూమినియం కలిపి చేసే అయస్కాంతాలు చాలా మొండివిగా తేలాయి. ఎదురు క్షేత్రం ఎంత పెట్టినా అవి తేలిగ్గా దిశ మార్చుకోవు. ఆ మొండితనానికి అప్పట్లో చెప్పిన కారణం లోహం లోపలి ఒత్తిళ్లు. జర్మనీలో బెకర్, కెర్‌స్టెన్‌లు కట్టిన సిద్ధాంతం ప్రకారం లోహంలో చోటు చోటుకూ ఒత్తిడి మారుతుంటుంది, ఆ ఎగుడు దిగుళ్లలో మండలాల సరిహద్దులు చిక్కుకుంటాయి. లీడ్స్ వ్యాసం మొదట్లోనే దీన్ని ఎదుర్కొంది. ఆ సిద్ధాంతం చాలా పదార్థాలకు పనికొస్తుందని ఒప్పుకుంటూనే, అంతటి మొండితనాన్ని వివరించడానికి అది చాలదని చెప్పింది. మిశ్రలోహం లోపల సరిహద్దులే లేని చిన్న రేణువులున్నాయనుకుందాం అన్నారు. అప్పుడు దిశ మారాలంటే రేణువులోని అయస్కాంత సదిశ మొత్తం ఒక్కసారిగా తిరగాలి.

తిరగనివ్వకుండా దాన్ని పట్టి ఉంచేది ఏమిటి? వాళ్లు మూడు చెప్పారు: రేణువు ఆకారం, స్ఫటిక నిర్మాణం, ఒత్తిడి. కోలగా ఉన్న రేణువులో అయస్కాంతత్వం పొడవు వెంటే ఉండాలని చూస్తుంది. స్ఫటికానికి తనవైన ఇష్ట దిశలు ఉంటాయి. లాగిన లోహానికి లాగిన దిశ ఇష్టమో అయిష్టమో అవుతుంది. మూడింటి గణితమూ దాదాపు ఒకటే కాబట్టి ఆకారం మీద చేసిన లెక్క మిగతా రెంటికీ పనికొస్తుంది. తేడా అంతా అంకెల్లోనే. అది మనం కూడా వేసి చూడొచ్చు. సన్నటి ఇనుప సూదిని ఆకారబలం ఒక్కటే సుమారు 1 టెస్లా ఎదురు క్షేత్రం దాకా నిలబెట్టగలదు. అదే ఇనుమును 1000 మెగాపాస్కళ్ల ఒత్తిడితో లాగినా, అంటే మామూలు ఉక్కు తెగిపోయేంత లాగినా, స్ఫటికంలో అనుకూలమైన దిశలో దక్కే బలం 0.04 టెస్లా కూడా ఉండదు. ఈ లెక్క చూశాక ఇనుము విషయంలో ఒత్తిడిని వెనక్కి నెట్టడం న్యాయమే అనిపిస్తుంది.

కానీ నికెల్‌తో వేస్తే కథ మారుతుంది. నికెల్ సూదికి ఆకారబలం ఇచ్చేది 0.3 టెస్లా. అదే 1000 మెగాపాస్కళ్ల ఒత్తిడి దానికి 0.2 టెస్లా ఇస్తుంది. నికెల్ అయస్కాంతత్వం తక్కువ, పైగా ఒత్తిడికి అది ఎక్కువగా స్పందిస్తుంది. ఇంకో విశేషం, దాని స్పందన వ్యతిరేక దిశలో ఉంటుంది. లాగితే లాగిన దిశ దానికి అయిష్టం, నొక్కితే నొక్కిన దిశ ఇష్టం. కాబట్టి ఒత్తిడికి చివరి పీట అన్నది అన్ని పదార్థాలకూ వర్తించే తీర్పు కాదు. లీడ్స్ వ్యాసం మూడు కారణాలనూ ఒకే గణితంలో పెట్టి ఈ తలుపు తెరిచే ఉంచింది. దాన్ని చదివినవాళ్లలో చాలామంది మాత్రం ఆకారం దగ్గరే ఆగిపోయారు.

ఆ వ్యాసం అందమంతా దాని క్రమశిక్షణలో ఉంది. క్షేత్రానికీ రేణువు అక్షానికీ మధ్య కోణం 0 నుంచి 90 డిగ్రీల దాకా మార్చుకుంటూ పోయి, క్షేత్రం పెంచి తగ్గిస్తే అయస్కాంతత్వం ఎలా మారుతుందో చూపే వలయరేఖను ఒక్కో కోణానికి గీశారు. కంప్యూటర్లు లేని రోజుల్లో వేసిన లెక్క అది. అన్ని దిశల్లోనూ చెల్లాచెదురుగా పడి ఉన్న రేణువుల గుంపుకు క్షేత్రం తీసేశాక మిగిలే అయస్కాంతత్వం సరిగ్గా సగమని తేల్చారు. ప్రయోగశాలలో కొత్త పొడి ఏది కొలిచినా ఇవాళ్టికీ ముందు ఈ సగంతోనే పోల్చి చూస్తారు. ఇంత నిగ్రహంగా రాసిన వ్యాసాలు ఆ రంగంలో ఎక్కువ లేవు. ఊహించింది ఒక్కటే, దాని నుంచి రాబట్టాల్సిందంతా రాబట్టారు, దాని బయటికి ఒక్క అడుగూ వేయలేదు.

ఆ నిగ్రహమే దానికి హద్దు కూడా అయింది. ఆ వలయరేఖల్లో కాలం లేదు. రేణువు క్షేత్రానికి లొంగుతుంది, లేదంటే లొంగదు. పదేళ్లు ఆగి చూస్తే లొంగుతుందేమో అన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు. ఉష్ణోగ్రత అంటే లోపలి కుదుపు. కుదుపు లేనిదే కాలానికి అర్థం లేదు.

నీల్ వ్యాసం సరిగ్గా కాలంతోనే మొదలవుతుంది. దాని శీర్షికలోనే కాల్చిన మట్టి ప్రస్తావన ఉంది. పారిస్‌లో ఎమిల్ తెల్యే ఇటుకల్లో, కుండపెంకుల్లో దాగిన అయస్కాంతత్వం మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. అతనికి దొరికిన ఫలితం ఎవరినైనా ఆశ్చర్యపరుస్తుంది. ఇటుకను బాగా కాల్చి చల్లారుస్తూ, 400 డిగ్రీల నుంచి 300 డిగ్రీలకు దిగే ఆ కాసేపు మాత్రమే దాని చుట్టూ క్షేత్రం ఉంచాడనుకోండి. ఇటుకకు కొంత అయస్కాంతత్వం వస్తుంది. దాన్ని మళ్లీ 300 దాకా వేడి చేసినా వచ్చింది పోదు. 400 దాటిస్తే మొత్తం పోతుంది. 500 నుంచి 400 మధ్య సంపాదించుకున్నదానికీ దీనికీ లెక్కలో సంబంధమే ఉండదు. ఇలా ఏ మెట్టుకా మెట్టు విడిగా సంపాదించుకున్నవన్నీ కూడితే మొత్తం చల్లారే దాకా క్షేత్రం ఉంచినప్పుడు వచ్చేదానికి సమానం. మట్టి ముక్క తాను ఏ డిగ్రీ దగ్గర ఏం నేర్చుకుందో విడివిడిగా గుర్తుపెట్టుకుంటోందన్నమాట.

నీల్ దీనికి చెప్పిన జవాబు ఇది. మట్టిలో ఇనుప ఆక్సైడు రేణువులు రకరకాల పరిమాణాల్లో ఉంటాయి. ప్రతి రేణువు అయస్కాంతత్వానికీ రెండు విశ్రాంతి దిశలు, మధ్యలో దాటాల్సిన ఒక శక్తి గట్టు. గట్టు ఎత్తు రేణువు ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. పరమాణువుల ఉష్ణచలనం ఆ అయస్కాంతత్వాన్ని ఎప్పుడూ కుదుపుతూనే ఉంటుంది. ఏదో ఒక కుదుపు గట్టు దాటిస్తుంది. సగటున ఎంతకాలానికి దాటిస్తుందనేది గట్టు ఎత్తును ఉష్ణశక్తితో భాగించగా వచ్చే నిష్పత్తి మీద ఆధారపడుతుంది, అదీ ఘాతాంకంగా. ఆ నిష్పత్తి 25 అయితే నిరీక్షణ సుమారు ఒకటి రెండు నిమిషాలు. 40 అయితే ఏడెనిమిదేళ్లు. 56 అయితే ఆరున్నర కోట్ల ఏళ్ల పైమాట. ఇనుప గోళాలతో చూస్తే ఇది ఇంకా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. 11.5 నానోమీటర్ల వ్యాసార్ధమున్న గోళం గది ఉష్ణోగ్రతలో సెకనులో పదో వంతుకే దిశ మరిచిపోతుంది. వ్యాసార్ధం 15 నానోమీటర్లయితే అదే గోళం కొన్ని పదుల ఏళ్లు గుర్తుంచుకుంటుంది. తేడా మూడున్నర నానోమీటర్లు.

ఇటుక రహస్యం ఇక్కడే విడిపోతుంది. చల్లారేటప్పుడు ప్రతి రేణువుకూ తనదైన ఒక ఉష్ణోగ్రత దగ్గర నిరీక్షణ సెకన్ల నుంచి ఏళ్లకు ఎగబాకుతుంది. ఆ క్షణంలో చుట్టూ ఉన్న క్షేత్రం దిశ అందులో బిగుసుకుపోతుంది. తెల్యే చూసిన మెట్లు వేరువేరు రేణువుల గుంపులు. ఒక గుంపుకు ఇంకో గుంపుతో పని లేదు. ఒక పురావస్తు సమస్యకు, ఒక కొలతల చిక్కుకు, ఒక మౌలిక సూత్రానికి ఇంత తక్కువ పేజీల్లో జవాబు చెప్పిన వ్యాసాన్ని నేను ఇంకొకటి ఎరగను.

రాత తీరులో ఈ రెండు వ్యాసాలకూ పోలికే లేదు. స్టోనర్, వోల్‌ఫార్త్‌లు ఒక మెట్టు కట్టి, దాని మీద నిలబడి, ఇంకో మెట్టు కడతారు. నీల్ ఉరుకుతాడు. అంచనా వేస్తాడు, దాన్ని ఇంకో అంచనాతో గుణిస్తాడు, చివరికి వచ్చిన అంకె ప్రకృతికి దగ్గరగా ఉంటే ముందుకు పోతాడు. గణితం తెలిసినవాళ్లకు అక్కడక్కడా చిరాకు కలిగించే రచన అది. అయితే అతని ఉరుకులో ఒక ప్రశ్న ఉంది. అది లీడ్స్ వ్యాసంలో రావడానికి వీల్లేనిది. ఉష్ణచలనం కుదుపుతుందని అందరూ అంటాం, సరే. కుదిపేది ఎవరు? అయస్కాంతత్వం పరమాణువుల్లోని ఎలక్ట్రాన్ల స్పిన్‌లది. వేడి ఎక్కువగా ఉండేది పరమాణువుల కంపనాల్లో. ఆ కంపనం ఈ స్పిన్‌లను ఏ చేత్తో తోస్తోంది?

నీల్ ఇచ్చిన జవాబే నా చేత ఈ వ్యాసాన్ని రాయించింది. రేణువు ఎప్పుడూ స్థిరంగా ఉండదన్నాడు. దాని పరమాణువుల కంపనాల వల్ల అది క్షణక్షణమూ కొంచెం సాగుతుంది, కొంచెం ఒరుగుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. సాగిన ప్రతిసారీ విల్లారీ కడ్డీల్లో జరిగిందే రేణువులోనూ జరుగుతుంది. ఒత్తిడి దాని ఇష్ట దిశను ఒక వెంట్రుకవాసి తిప్పుతుంది. ఆకారం మారడం వల్ల రేణువు తన మీద తానే ప్రయోగించుకునే క్షేత్రం కూడా మారుతుంది. ఈ రెండూ కలిసి అయస్కాంత సదిశను మెలిపెడతాయి, అది బొంగరంలా తిరుగుతూ గట్టు వైపు జరుగుతుంది. ఇలా లెక్క వేస్తే, సెకనుకు ఎన్నిసార్లు గట్టు ఎక్కే ప్రయత్నం జరుగుతుందో చెప్పే గుణకం వస్తుంది. దాని విలువ వంద కోట్లు, వెయ్యి కోట్ల స్థాయిలో ఉంటుంది. ఆ సూత్రంలో పదార్థపు విరూపణ గుణకం ఉంది, అంటే అది ఒరగడానికి ఎంత మొరాయిస్తుందో చెప్పే అంకె. ఒత్తిడికి అయస్కాంతత్వం స్పందించే గుణకమూ ఉంది. అయస్కాంత స్మృతి ఆయుష్షు చెప్పే సూత్రంలో లోహం గట్టితనం కనిపిస్తుందని ఎవరు ఊహిస్తారు?

దీని అర్థం పెద్దది. చిన్న రేణువు విషయంలో వేడి, ఒత్తిడి అనేవి బయటి నుంచి వచ్చే రెండు వేరువేరు శక్తులు కావు. వేడి రేణువు మీద పనిచేసే మార్గాల్లో ఒత్తిడి ఒకటి. బయట నుంచి మనం నొక్కేది నిలకడగా ఉండే ఒత్తిడి, వేడి నొక్కేది క్షణానికొక తీరుగా మారే ఒత్తిడి. పదార్థం మాత్రం రెంటికీ ఒకే గుణకంతో జవాబిస్తుంది.

1963లో విలియం ఫుల్లర్ బ్రౌన్ ‘ఫిజికల్ రివ్యూ’లో ఈ లెక్కను తిరగరాశాడు. అతను నీల్‌కు చేసిన మేలు చిన్నది కాదు. వేడిని అతను ఒక యాదృచ్ఛిక క్షేత్రంగా భావించాడు. అది ఎక్కడి నుంచి వస్తుందో అడగలేదు. ఎంత బలంగా ఉండాలో మాత్రం ఉష్ణగతిక శాస్త్రం నుంచి రాబట్టాడు. నీల్ అంచనాలు వేసిన చోట బ్రౌన్ సమీకరణాలు పెట్టాడు. గట్టు ఎత్తుగా ఉన్నప్పుడు ఏమవుతుందో, తక్కువైనప్పుడు ఏమవుతుందో తేటతెల్లం చేశాడు. ఇవాళ ప్రపంచమంతా వాడే రూపం అదే, దానికి నీల్–బ్రౌన్ సిద్ధాంతమని పేరు. 1997లో గ్రెనోబుల్‌లోనే వెర్న్స్‌డోర్ఫర్ బృందం సుమారు 25 నానోమీటర్ల కోబాల్ట్ రేణువును ఒక్కదాన్నే పట్టుకుని, సూక్ష్మ స్క్విడ్ పరికరంతో అది దిశ మార్చే క్షణాలను కొలిచి, ఈ సిద్ధాంతం నిజమని చూపింది. అంతకుముందు దశాబ్దాల పాటు రేణువుల గుంపుల సగటులే దొరికేవి. ఒక్క రేణువు మీద ఇది తేలడం ఆ రంగానికి పెద్ద ఊరట.

గణితంలో బ్రౌన్‌దే పైచేయి, అందులో నాకు సందేహం లేదు. గుణకం పది రెట్లు తప్పినా నిష్పత్తిలో వచ్చే తేడా రెండు పాయింట్లకు కాస్త ఎక్కువ, అంతే. ఘాతాంకం ముందు గుణకం బలహీనమే. ఆ లెక్కన నీల్ వాడిన ఒత్తిడి దారి పోయినా అంకెలు పెద్దగా చెడవు. చెడింది అంకె కాదు, అవగాహన. బ్రౌన్ తర్వాత చాలామంది ఆ గుణకం దగ్గర సెకనుకు వంద కోట్లు అని రాసేసి ముందుకు పోయారు. దాంతో వేడి వేడిగా, ఒత్తిడి ఒత్తిడిగా వేరువేరు అధ్యాయాల్లోకి వెళ్లిపోయాయి. ఈ విభజన వల్ల జరిగిన నష్టం రాళ్ల దగ్గర బాగా తెలుస్తుంది. దాని కంటే ముందు రెండు అధ్యాయాలనూ ఒక్క రేణువు మీద కలిపి చూద్దాం.

20 నానోమీటర్ల వ్యాసం, కాస్త కోలగా ఉన్న నికెల్ రేణువు ఒకటి తీసుకుందాం. 300 కెల్విన్‌ల దగ్గర దాని నిష్పత్తి 25, అంటే ఒకటి రెండు నిమిషాల స్మృతి. దాన్ని పొడవు దిశలో 100 మెగాపాస్కళ్లతో నొక్కుదాం. నికెల్‌కు నొక్కిన దిశ ఇష్టం కాబట్టి గట్టు ఎత్తు పెరుగుతుంది. లెక్క వేస్తే నిష్పత్తికి సుమారు 5 కలుస్తుంది. నిమిషం స్మృతి రెండున్నర గంటలవుతుంది. నొక్కకుండా ఇదే ఫలితం రావాలంటే రేణువును 300 నుంచి 250 కెల్విన్‌లకు చల్లార్చాలి. అంటే ఈ రేణువుకు 100 మెగాపాస్కళ్ల నొక్కుడూ 50 డిగ్రీల చలీ దాదాపు ఒకటే. అదే ఒత్తిడితో లాగితే 5 తగ్గిపోతుంది, నిమిషం స్మృతి సెకను లోపుకు పడిపోతుంది. రేణువు వ్యాసం 10 నానోమీటర్లే అయితే ఇదే నొక్కుడు నిష్పత్తికి 1 కూడా చేర్చదు, ఎందుకంటే ఘనపరిమాణం ఎనిమిదో వంతుకు పడిపోయింది. చిన్న రేణువు వేడికి లొంగినంతగా ఒత్తిడికి లొంగదన్నది దీన్ని బట్టి తెలుస్తుంది. ఒత్తిడి బలం ఘనపరిమాణంతో పెరుగుతుంది, వేడి ఇచ్చే కుదుపు ఏ పరిమాణానికైనా అంతే.

ఉష్ణోగ్రత చేసే పని ఇంకొకటి ఉంది. నీల్ దాన్ని వదల్లేదు, లీడ్స్ వ్యాసానికి దానితో పని పడలేదు. వేడి పెరిగేకొద్దీ పదార్థపు అయస్కాంతత్వమే తగ్గుతూ, క్యూరీ ఉష్ణోగ్రత దగ్గర పోతుంది. మాగ్నెటైట్‌కు అది 580 డిగ్రీల సెల్సియస్. నికెల్‌కు 360కి కొంచెం తక్కువ. అయస్కాంతత్వం ఎంత వేగంగా తగ్గుతుందో ఆకారబలం, స్ఫటికబలం, ఒత్తిడికి స్పందించే గుణం అంతకంటే వేగంగా తగ్గుతాయి. కాబట్టి వేడి కుదపడమే కాక గట్టును కూడా అరగదీస్తుంది.

ఇక రాళ్ల సంగతి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో పనిచేసిన జి. పుల్లయ్య పేరు ప్రపంచంలో శిలల అయస్కాంతత్వం చదివే ప్రతి విద్యార్థికీ తెలుసు. 1967లో ఆర్.కె. వర్మతో కలిసి ఆయన గోదావరి లోయలోని తిరుపతి ఇసుకరాళ్ల అయస్కాంతత్వం మీద రాశారు. 1975లో ఇర్వింగ్, బుకాన్, డన్‌లప్‌లతో కలిసి రాసిన వ్యాసంలో నీల్ సూత్రాన్ని ఒక పటంగా మార్చారు. పటంలో ఒక అక్షం ఉష్ణోగ్రత, రెండోది కాలం. ప్రయోగశాలలో కాసేపు ఎక్కువ వేడి చేస్తే చెరిగిపోయే రేణువులు, భూమి లోపల అంతకంటే తక్కువ వేడిలో లక్షల ఏళ్లుంటే చెరిగిపోతాయి. ఏ వేడికి ఎంత కాలమో పటంలోని వంపుగీతలు చెబుతాయి. రాయి భూగర్భంలోకి దిగి మళ్లీ పైకి వచ్చేలోగా దాని పాత స్మృతిలో ఎంత పోయిందో, ఎంత మిగిలిందో వీటి మీద చదువుకోవచ్చు. ఇవాళ్టికీ వాటిని పుల్లయ్య వక్రాలనే అంటారు. మన ప్రాంతంలో పనిచేసిన ఒక శాస్త్రవేత్త పేరు ఒక పనిముట్టుకు స్థిరపడిపోవడం నాకు గర్వకారణం.

ఆ పటంలో ఒత్తిడికి అక్షం లేదు. రాయి భూమి లోపలికి దిగితే వేడి ఒక్కటే పెరగదు. మీద పడే బరువు పెరుగుతుంది, పర్వతాలు లేచే చోట ఒక పక్క నుంచి తోపుడు కూడా వస్తుంది. అన్ని వైపుల నుంచీ సమానంగా పడే బరువు అయస్కాంత దిశను పెద్దగా కదపదు. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువగా పడే ఒత్తిడే కదిలిస్తుంది. మాగ్నెటైట్ స్ఫటికబలానికి సమానం కావాలంటే అలాంటి తేడా సుమారు 250 మెగాపాస్కళ్లు ఉండాలి. భూమి పైపొరల్లో మామూలుగా అంత ఉండదు, అందుకే ఆ పటం చాలా చోట్ల బాగానే పనిచేస్తుంది. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, గోదావరి అవతల పంగిడి క్వారీల్లో తవ్వే నల్లరాయి దక్కన్ లావాల కాలానిదే, ఆరున్నర కోట్ల ఏళ్ల నాటిది. అవి పెద్దగా మడతలు పడని రాళ్లు కాబట్టి అక్కడ నీల్ ఒక్కడే చాలు.

ఉల్క పడిన చోట చాలడు. మహారాష్ట్రలో లోణార్ సరస్సు దక్కన్ నల్లరాతి మీదే ఉల్క పడి ఏర్పడింది. ఉల్క చేసిన గుంట వ్యాసం 1.8 కిలోమీటర్లు. అలాంటి తాకిడిలో వేలాది మెగాపాస్కళ్ల ఒత్తిడి తరంగం రెప్పపాటులో రాయి గుండా పోతుంది. వెంటనే వేడి పుడుతుంది. అక్కడి రాళ్లలో స్మృతి చెరిగిందంటే ఏది చెరిపింది? ఇదే ప్రశ్న అంగారకుడి మీద ఇంకా పెద్దది. మార్స్ గ్లోబల్ సర్వేయర్ నౌక ఆ గ్రహపు పైపొరలో బలమైన అయస్కాంతత్వం కనిపెట్టింది. కానీ హెల్లస్, ఆర్గైర్ అనే మహా గుంటల్లో అది దాదాపు లేదు. తాకిడి ఒత్తిడి చెరిపేసిందని కొందరు, వేడి చెరిపేసిందని కొందరు, ఆ గుంటలు పడేనాటికే గ్రహం తన క్షేత్రాన్ని పోగొట్టుకుందని కొందరు వాదిస్తారు. మూడో వాదన నిజమైతే గ్రహపు గర్భం ఎప్పుడు చల్లబడిందో తెలుస్తుంది. మొదటి రెండింట్లో ఏదైనా నిజమైతే తెలియదు. ఒక చిన్న రేణువు మీద ఒత్తిడి, వేడి చేసే పనులను విడదీయగలగడం మీద ఒక గ్రహం చరిత్ర ఆధారపడి ఉందిక్కడ.

రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయిన చోటు ఇంకొకటి ఉంది, అది ఎక్కువమందికి కనిపించనిది. ఒకప్పుడు సముద్రగర్భంలో పేరుకుని ఇప్పుడు నేల మీదున్న సున్నపు మట్టిలో మాగ్నెటైట్ రేణువులు వాతావరణం తగిలి పైపొరలో ఆక్సీకరణ చెందుతాయి. పై పొర స్ఫటికం లోపలిదానికన్నా కొంచెం ఇరుకు, రేణువు తనను తానే నొక్కుకుంటూ ఉంటుంది. కొలిస్తే మొండితనం ఎక్కువగా కనిపిస్తుంది. 150 డిగ్రీల దాకా వేడి చేసి చల్లారిస్తే ఆ మొండితనం తగ్గుతుంది. 1995లో వాన్ వెల్జెన్, జైడర్‌వెల్డ్‌లు దీన్ని బాగా చూపించారు. ఇక్కడ వేడి గట్టును దాటించలేదు. లోపలి ఒత్తిడిని సడలించి, గట్టునే తగ్గించింది. తెల్యే పద్ధతిలో మెట్టు మెట్టుగా వేడి చేసేవాళ్లకు ఇది హెచ్చరిక. చెరిగిందని మనం అనుకునేది కొన్నిసార్లు చెరగడం కాదు, సడలడం.

యంత్రాల వైపు ఈ రెండు దారులూ ఇప్పటికీ విడివిడిగానే నడుస్తున్నాయి. ఇనుము–ప్లాటినం రేణువులతో చేసే హార్డ్ డిస్కుల్లో రాయాల్సిన చుక్కను లేజర్‌తో క్షణకాలం కాల్చి, గట్టు తగ్గినప్పుడు రాసి, చల్లారనిస్తారు. అది తెల్యే ఇటుకే, పరిమాణం మాత్రం నానోమీటర్లు. ఒత్తిడి దారిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది 2013లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ప్రయోగం. నికెల్ నానో స్ఫటికాలను, విద్యుత్ పెడితే ఆకారం మారే పీజోఎలక్ట్రిక్ పలక మీద పేర్చారు. పలకకు వోల్టేజీ ఇస్తే అది ఆకారం మారి, మీదున్న రేణువుల మీద ఒత్తిడి పెట్టింది. రేణువుల స్మృతి బిగుసుకునే ఉష్ణోగ్రత 40 కెల్విన్‌లు జరిగింది. గది ఉష్ణోగ్రతలోనే, వేడి పెంచకుండా తగ్గించకుండా, మరిచిపోయే రేణువులను గుర్తుంచుకునే రేణువులుగా మార్చారు.

ఆ 40 కెల్విన్‌ల అంకెను స్టోనర్, వోల్‌ఫార్త్‌ల చేతికి ఇస్తే గట్టు ఎంత పెరిగిందో చెప్పగలరు, స్మృతి ఎంత పెరిగిందో చెప్పలేరు. బ్రౌన్ చేతికి ఇస్తే స్మృతి ఎంత పెరిగిందో చెప్పగలడు, రేణువును గట్టు మీదికి తోస్తున్నది ఏమిటో చెప్పడు. నీల్ చేతికి ఇస్తే రెండూ చెప్పి, ఇంకో ప్రశ్న వేస్తాడు. పలక మీద అతుక్కుని బిగుసుకున్న రేణువు మునుపటిలా స్వేచ్ఛగా సాగలేదు, ఒరగలేదు. అప్పుడు సెకనుకు వంద కోట్ల ప్రయత్నాలన్న గుణకం కూడా మారి ఉండాలి కదా? వెర్న్స్‌డోర్ఫర్ కోబాల్ట్ రేణువు మీద మార్చింది ఉష్ణోగ్రతనూ క్షేత్రాన్నీ. అలాంటి ఒంటరి రేణువును పీజో పలక మీద పెట్టి, గట్టునూ గుణకాన్నీ విడివిడిగా కొలిస్తే ఆ ప్రశ్నకు జవాబు వస్తుంది. పుల్లయ్య పటానికి మూడో అక్షం గీయడానికి కావాల్సిన అంకెలు కూడా ఆ కొలతల్లోనే ఉంటాయి.